ఒకటి, మూడు, నాలుగు, రెండు

నలభై ఏళ్ళ పనిలో మిమ్మల్ని బాగా ఏడిపించిన బండి ఏదని ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఏ పది చక్రాల లారీ పేరో, లోపలంతా కంప్యూటర్లతో నిండిన ఏ కొత్త బండి పేరో చెబుతానని ఎదురుచూస్తారు. అవేవీ కావు. వడమాలపేట నుంచి ట్రాక్టరు వెనకాల తాడుతో కట్టించుకుని వచ్చిన ఒక తెల్ల అంబాసిడర్. దాని జబ్బు రెండు వైర్లు. ఆ రెండు వైర్లు మార్చడానికి పట్టింది అర నిమిషం. వాటి దాకా చేరడానికి పన్నెండు రోజులు పట్టింది.

ముందు నా గురించి కొంత చెప్పాలి. ఆ పన్నెండు రోజుల్లో సగం నష్టం నా వంశం వల్ల జరిగింది. మాది చిత్తూరు వైపు ఒకప్పుడు పాళెం ఏలిన కుటుంబం. పాళెం ముత్తాత కాలంలో పోయింది, భూములు తాత కాలంలో పోయాయి, ఇల్లు మా నాయన కాలంలో పోయింది. నా దాకా వచ్చినవి ఒక టేకు కుర్చీ, నిటారుగా నిలబడే అలవాటు. పదో తరగతి కాగానే మా నాయన నన్ను తిరుపతిలో ఒక గ్యారేజీలో చేర్చి, "పని నేర్చుకో. ఎవురి ముందరా వంగొద్దు" అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు. బానెట్ ముందు వంగకుండా ఇంజను పని ఎలా నేర్చుకోవాలో మాత్రం చెప్పలేదు. నా తంటాలు చూసి గ్యారేజీలో నన్ను దొర అన్నారు. మొదట్లో అది వెక్కిరింపు. నేను ఫోర్‌మన్ అయ్యేసరికి అదే నా పేరైపోయింది.

ఆ గ్యారేజీలో వైర్ల పనంతా ఒక పెద్దమనిషిది. తిరుపతి పాత ఊరివాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, బయట మాకంటే మంచి తెలుగు మాట్లాడేవాడు. అందరం భాయ్ అనేవాళ్ళం. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఊరేగింపు వాహనాలకు దీపాలు అమర్చడంలో ఆయనకు సాటి వచ్చేవాడు లేడు. నాకూ ఆయనకూ మూడేళ్ళుగా మాటల్లేవు. కారణం కుర్చీ. గ్యారేజీలో ట్యూబులైటు మార్చడానికి ఒకరోజు నేను లేనప్పుడు మా తాత కుర్చీ మీద చెప్పులతో ఎక్కి నిలబడ్డాడు. నేను వచ్చి అడిగితే, "బల్బు కాలింది గానీ కుర్చీ కాలలేదు గదా దొరా" అన్నాడు. క్షమాపణ చెప్పమన్నాను. రేపు చెబుతానన్నాడు. ఆ రేపు రాలేదు.

కానీ మెకానిక్కు, ఎలక్ట్రీషియనుకు మాటల్లేకపోతే గ్యారేజీ నడవదు. అందుకని గేటు దగ్గర టీ బండి పెట్టుకున్న అక్క మా ఇద్దరి మధ్య మాటలు చేరవేసేది. మేమిద్దరం ఒకే బండికి చెరొక వైపు నిలబడి ఉన్నా సరే, మాట ఆమె మీదుగానే వెళ్ళాలి.

"అక్కా, ఆ నీలం బండికి బ్యాటరీ సచ్చిపోయింది, మీ దొరకు చెప్పు."

"దొరా, బ్యాటరీ సచ్చిపోయిందంట."

"ఎన్ని రోజులైందో అడుగక్కా."

"ఎన్ని రోజులైంది భాయ్?"

"బ్యాటరీ సచ్చిపోయి ఎన్ని రోజులనా, మా మాట సచ్చిపోయి ఎన్ని రోజులనా?"

"ఇది నేను జెప్పను. నాకు పాలు పొంగిపోతా ఉండాయి," అని ఆమె తన బండి దగ్గరికి వెళ్ళిపోయేది.

ఆమె పద్ధతి ఒకటే. పని మాట అయితే మోస్తుంది. తిట్టు అయితే తనలోనే మింగేస్తుంది. మూడేళ్ళు గ్యారేజీ గౌరవంగా నడిచిందంటే ఆ మింగుడు వల్లనే. ఈ కథలో కొంప ముంచింది కూడా ఆ మింగుడే.

ఒక బుధవారం పొద్దున ట్రాక్టరు వచ్చింది. వెనక తాడు, తాడు చివర అంబాసిడర్. బానెట్ మీద బంతిపూల దండ, ముందు బంపరుకు నిమ్మకాయలు. స్టీరింగు దగ్గర తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన, వెనక సీట్లో ఆయన భార్య. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు.

"ఏమైందయ్యవారూ?" అన్నాను.

"ఏమీ కాలేదు. ఇంజనంతా విప్పి మళ్ళా బిగించినాను. అంతే."

"ఎవురు బిగించింది?"

"నేనే. ఫోన్లో వీడియోలు సూసి."

వెనక డోరు తెరుచుకుంది. "పదకొండు నెలలు!" అంది ఆవిడ దిగుతూనే. "నా వసారాలో ఇంజను. నా ఇడ్లీ కుండలో పిస్టన్లు. కిరసనాయిలు వాసనొచ్చే ఇడ్లీ మీరెప్పుడన్నా తిన్నారాప్పా?"

"ఉడకబెడితే మసి వదులుతాదని వీడియోలో చెప్పినారు," అన్నాడాయన శాంతంగా. "వదిలిందా లేదా?"

"వదిలింది. ఇడ్లీలకు అంటుకునింది."

అప్పుడాయన కారులోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. లోపల నాలుగు వాషర్లు, రెండు బోల్టులు, చూపుడువేలంత స్ప్రింగు ఒకటి. "ఇవి మిగిలినాయి. కంపెనీవాళ్ళు కొంచెం ఎక్కువ పెట్టుంటారనుకున్నా," అన్నాడు.

అసలు విషయం తర్వాత తెలిసింది. ఆ బండి రిజిస్ట్రేషను గడువు ముగుస్తోంది. పై సోమవారం కాక ఆ పై సోమవారం మధ్యాహ్నంలోపు రవాణా ఆఫీసు మైదానంలో పరీక్షకు నిలబెట్టాలి. పాసైతే మళ్ళీ ఐదేళ్ళు. లేకపోతే పాత ఇనుము. ఆవిడ తమ్ముడికి పుత్తూరులో పాత ఇనుము వ్యాపారం. "ఆ సోమవారం లారీ పంపమని మా తమ్మునికి చెప్పేసినాను," అంది ఆవిడ. "ఈయన కూడా ఒప్పుకున్యాడు. నడిస్తే కారు, నడవకపోతే ఇనుము."

అయ్యవారు తల ఊపాడు. ఊపిన తీరు చూస్తే ఒప్పుకున్నది నోరే గానీ మనిషి కాదని అర్థమైంది.

నేను వెంటనే అన్నాను: "సోమవారం మీ బండి తన ఇంజను మీద తాను పోతాది. నా మాట."

మా వంశంలో మాట ఇచ్చేయడం చాలా తేలిగ్గా జరిగిపోతుంది. భూములు పోయిన దారి కూడా అదే.

తాళం తిప్పించాను. ఇంజను అంటుకుంది, అంటుకుని వణికింది. జాతరలో గంగమ్మ పూనినవాళ్ళలా బండి మొత్తం ఊగింది. కార్బురేటర్లోంచి ఫట్‌మని ఒకటి పేలితే టీ బండి కింద పడుకున్న కుక్క ఏర్పేడు దిక్కుగా పరుగెత్తింది. మూడు రోజుల దాకా తిరిగి రాలేదు. పొగ గొట్టంలోంచి రెండోది పేలింది. ఇంజను ఆగిపోయింది. బంతిపూల దండ మాత్రం ఇంకా కాసేపు ఊగింది.

"ఇది మామూలేనా?" అన్నాడు అయ్యవారు.

"మామూలు కాదు," అన్నాను.

పని మొదలుపెట్టాను. నాలుగు సిలిండర్లలో ఒత్తిడి కొలిచాను. నాలుగూ సమానం. ఎక్కడా గాలి కారడం లేదు. బోల్టులన్నీ ఒకే బిగువు. వాల్వుల మధ్య సందు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు చేతులు కాల్చుకుని నేర్చుకున్న పనిని, ఈ పంచె మనిషి వసారాలో కూర్చుని ఫోను చూసుకుంటూ చేసేశాడు. బాగా కూడా చేశాడు.

పైగా ప్రతి భాగానికీ ఒక చిన్న కాగితం అంటించి అంకె వేశాడు. ౧, ౨, ౩, ౪. అచ్చ తెలుగు అంకెలు. "మన అంకెలు మనకుండగా వేరేవి యాల?" అన్నాడు. మా గ్యారేజీ యజమాని చిన్నవాడు, బెంగుళూరులో చదివొచ్చినవాడు. మేమంతా మొదలాళి అనేవాళ్ళం. అతను వంగి చూసి, "ఏంది దొరా ఇది, జిలేబీలు సుట్టినట్టు ఉండాది?" అన్నాడు. భాయ్‌కీ ఆ అంకెలు రావు. ఆ ఆవరణ మొత్తంలో అయ్యవారు కాక వాటిని చదవగలిగింది నేనొక్కణ్ణే. మా ఇంటి పాత దస్తావేజులన్నీ ఆ అంకెల్లోనే ఉండేవి. ఎప్పుడో పోయిన పొలాల కొలతలు చదువుకుంటూ పెరిగినవాణ్ణి. నాలుగు అంకెలు గట్టిగా చదివి, అందరూ వింటున్నారో లేదో చూశాను. నా తప్పు అక్కడ మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి తెలియకపోతే మీకు మిగతాది అర్థం కాదు. ఇంజనులో నాలుగు సిలిండర్లుంటాయి. నాలుగింటికీ నిప్పురవ్వ ఒకేసారి అందకూడదు, వరసగా అందాలి. ఆ వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఈ రవ్వను పంచేది ఒక గుండ్రటి మూత. దాని లోపల చిన్న ముల్లు, మేము రోటరు అంటాం, గిరగిరా తిరుగుతూ మూత చుట్టూ ఉన్న నాలుగు వైర్లకూ రవ్వ అందిస్తుంది. ఈ మధ్య బండ్లలో ఇది లేదు. నేను దాన్ని చివరిసారి ముట్టుకుని పదిహేనేళ్ళు దాటింది.

మూత చూశాను. ౧ దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా చదివాను. ౧, ౩, ౪, ౨. "వరస సరిగ్గా ఉండాది," అని ప్రకటించాను. వైర్లు భాయ్ సొత్తు కాబట్టి, ఆయనకు తెలియడం న్యాయం కాబట్టి, అక్కతో చెప్పి పంపాను. ఆయన అవతల బండి దగ్గర ఏదో అన్నాడు. అక్క తిరిగి వచ్చి, "సరేనంట," అంది.

అంతటితో వైర్ల వైపు చూడడం మానేశాను.

తర్వాత నాలుగు రోజులు బిస్కెట్ల డబ్బాలోని స్ప్రింగుకు పోయాయి. వాషర్లకు, బోల్టులకు చోటు దొరికింది. స్ప్రింగుకు దొరకలేదు. ఇంజనులో అంత సన్నని స్ప్రింగు పట్టే చోటు ఎక్కడా లేదు. కార్బురేటరు విప్పాను, బిగించాను, మళ్ళీ విప్పాను. ముందువైపు చైన్ మూత తీశాను. చెన్నైలో పాత సామాన్లు అమ్మేవాడికి ఫొటో పంపితే, "తెలియలేదు సార్, చాలా అరుదైనది, ధర చెప్పండి" అని జవాబు పెట్టాడు. ఆదివారం అయ్యవారి భార్య టిఫిను క్యారియరు తీసుకుని వచ్చింది. నా బల్ల మీద తెల్లగుడ్డపై పెట్టుకున్న స్ప్రింగును చూసి చేతిలోకి తీసుకుంది.

"ఇది నా కుట్టుమిషన్ది గదా!"

దాన్ని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాలుగు నెల్లుగా ఎతుకుతా ఉండా. మనవరాలి పావడ సగంలో ఆగిపోయింది. ఇంజన్లో యేసినారా దీన్ని?"

"వెయ్యలేదు," అన్నాడు అయ్యవారు. "అందుకే గదా మిగిలింది."

భాయ్ అవతలి నుంచి ఆకాశం వైపు చూస్తూ, "అక్కా, కుట్టుమిషను గూడా సోమవారం పరీక్షకు పోతాదేమో అడుగు," అన్నాడు. అక్క దాన్ని మింగేసింది గానీ అందరికీ వినిపించింది.

రెండో వారం కూడా అలాగే గడిచింది. అయ్యవారు రోజూ వడమాలపేట నుంచి బస్సులో వచ్చి, నా పక్కన నిలబడి టార్చి పట్టుకునేవాడు. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. శనివారం అన్నాల దగ్గర నేనే అడిగాను. ఈ వయసులో, ఇంత చదువుకుని, ఈ మసి పని మీకెందుకు అని.

"ఇది మా నాయన బండి," అన్నాడు. "బాడుగకు తిప్పేటోడు. కాణిపాకం, కాళహస్తి, అరగొండ. ఈ బండి మీదే నన్ను సదివించినాడు. కానీ ఒక్కరోజు నన్ను దీని మీద చెయ్యి ఎయ్యనీలేదు. చిన్నప్పుడు స్పానరు పట్టుకుంటే చేతి మీద కొట్టినాడు. నీ చేతులు నల్లంగా కాకూడదు నాయనా, నువ్వు అయ్యవారివి కావల్ల అన్నాడు. అయినాను. ముప్పై ఏండ్లు సుద్దముక్కతో చేతులు తెల్లంగానే ఉండినాయి." కాసేపు మజ్జిగ కలుపుకున్నాడు. "నాకు అరవై దాటినాయి. ఆయన పోయి శానా ఏండ్లయింది. ఇంక కొట్టేవాళ్ళు లేరు గదా అని పట్టుకున్యాను."

ఆయన నాయన కొడుకు చేతులు నల్లబడకూడదని బండి తోలాడు. మా నాయన నా చేతులు నల్లబడక తప్పదని తెలిసి నన్ను ఇక్కడ దించిపోయాడు. ఇద్దరమూ ఒకే ఇంజను ముందు కూర్చున్నాం, దాన్ని నడిపించడం ఇద్దరికీ చేతకావడం లేదు. రేపు కాక ఎల్లుండి దాన్ని ముక్కలు చేసి తూకం వేస్తారు.

సోమవారం ఎనిమిదిన్నరకే పుత్తూరు లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. సాయంత్రం రావాల్సిన లారీ అది. "ఇటుపక్క వేరే పనుండింది, కలిసొచ్చిందని వచ్చేసినా," అన్నాడు డ్రైవరు. టీ చెప్పి, అంబాసిడర్‌ను నిలువూ అడ్డం చూసుకున్నాడు. ఎక్కడెక్కడ కోయాలో లెక్క వేస్తున్నట్లుంది ఆ చూపు.

బండి మళ్ళీ స్టార్టు చేశాను. మళ్ళీ పూనకం, మళ్ళీ ఫట్. కుక్క ఈసారి చూడకుండానే వెళ్ళిపోయింది. నేను టీ బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నా జీవితంలో ఎప్పుడూ వీపు దేనికీ ఆనించలేదు. ఆ రోజు ఆనించాను.

"అన్నీ సూసినానక్కా," అన్నాను. "పెట్రోలు, గాలి, వాల్వులు, చైను. వైర్ల వరస గూడా మొదటి రోజే సదివినా. సరిగ్గానే ఉండాది."

అక్క గరిటె తిప్పడం ఆపింది. "ఆ వైర్ల సంగతేనా? ఆ రోజు భాయ్ ఏందో అన్యాడు దొరా."

"సరేనన్నాడని చెప్పినావు గదా."

"సరే అన్లేదు. 'ఏ పక్కనుంచి సదివినాడో అడుగు' అన్యాడు. నీకు సదువు రాదని ఎకసెక్కం ఆడినాడనుకొని మింగేసినా."

ఆనించిన వీపు తీసి మళ్ళీ నిటారుగా నిలబడ్డాను.

ఏ పక్క నుంచి చదివాను? అందరూ గడియారం ఎటు చదువుతారో అటే చదివాను. మూత లోపలి ముల్లు కూడా అటే తిరుగుతుందా?

ఇరవై అడుగులు నడిచి భాయ్ ముందు నిలబడ్డాను. మూడేళ్ళలో ఎప్పుడూ నడవని ఇరవై అడుగులు.

"రోటరు ఏ పక్కకు తిరుగుతాది ఈ బండికి?"

ఆయన నన్ను చూడలేదు. అక్క వైపు చూశాడు. "అక్కా, దొర నాతో మాట్లాడతా ఉండాడా, బండితోనా?"

"నీతోనే," అన్నాను.

ఆయన చేతిలో ఉన్న వైరు కింద పెట్టాడు. "ఎడమకు," అన్నాడు.

మూత తీశాను. మొదలాళి తాళం తిప్పాడు. అందరం వంగి చూశాం, నేను కూడా. ముల్లు తాపీగా ఎడమకు తిరిగింది. గడియారానికి ఎదురు. ఎడమకు చదివితే ఆ వరస ఒకటి, రెండు, నాలుగు, మూడు. రెండో సిలిండరు రవ్వ మూడుకు, మూడో దాని రవ్వ రెండుకు. సగం ఇంజను పని చేస్తుంటే మిగతా సగం అడ్డం పడుతోంది. మా గ్యారేజీ కూడా మూడేళ్ళుగా అలాగే నడిచింది.

"అయ్యవారూ, మీరు విప్పినప్పుడు ఈ వైర్లు ఎట్లుండినాయి?"

ఆయన ముఖం వెలిగింది. ఎవరైనా అడుగుతారని పదకొండు నెలలుగా ఎదురుచూస్తున్నట్లుంది. "అదే చెప్పాలనుకుంటా ఉండా. ఎవురో తెలియనివాడు బిగించినాడు దొరా. అన్నీ అప్రదక్షిణంగా ఉండినాయి. నేను సరిచేసినా, ప్రదక్షిణంగా."

భాయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అవి అప్రదక్షిణంగానే ఉండాల," అన్నాను.

"ఉండకూడదు."

"ఉంటేనే బండి నడుస్తాది."

"దొరా, తిరుపతి కొండ కింద పుట్టినాను. మా నాయన బండిలో రోజుకు లక్షసార్లు అప్రదక్షిణం జరిగేదానికి నేను ఒప్పుకోను. అపరకర్మలకు గదా అట్ల తిరిగేది? ఆయన పేరు మీద ఆ పని చెయ్యను. ఇనుమైనా ఫరవాలేదు." లారీ వైపు చూసి, "తీసుకుపోప్పా," అన్నాడు.

డ్రైవరు లేచాడు. మాట కోసం భూములు వదులుకున్న వంశంలో పుట్టినవాణ్ణి నేను. ప్రాణం పెట్టి మాట్లాడుతున్న మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు. ఇలాంటివాణ్ణి వాదించి గెలవలేం. తొమ్మిదిన్నరయింది.

అప్పుడు భాయ్ చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. "అయ్యవారూ, ఒక్క నిమిషం. మీరు నడుమ నిలబడండి. మీరే రోటరు. దొరా, నువ్వు ఒకటో నెంబరు, ఈడ నిలబడు. నేను మూడు. మొదలాళీ, నువ్వు నాలుగు, ఆడికి పో. అక్కా, గరిటె పక్కన పెట్టు. నువ్వు రెండు."

ఎందుకని ఎవరూ అడగలేదు. అంత దూరం వచ్చాక అడగడానికి ఏముంది? గ్యారేజీ ఆవరణ మధ్యలో అయ్యవారు, ఆయన చుట్టూ నాలుగు దిక్కులా మేము నలుగురం.

"ఇప్పుడు నిలబడిన చోటే ఎడమకు తిరగండి సార్. మెల్లంగా. కండ్లు మా మీదే పెట్టండి. మేము కదలం."

అయ్యవారు పంచె ఎత్తిపట్టుకుని ఎడమకు తిరిగాడు. నన్ను చూశాడు, భాయ్‌ను చూశాడు, మొదలాళిని చూశాడు, అక్కను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"బాగా తిరగండి," అంది ఆవిడ కారుకు ఆనుకుని. "పదకొండు నెల్లు నన్ను తిప్పినారు గదా."

"ఇప్పుడు చెప్పండి సార్," అన్నాడు భాయ్. "మీ కంటికి మేము ఏ పక్కకు పోతా ఉండాము?"

రెండో చుట్టు. మూడో చుట్టు. అయ్యవారి నోరు కొద్దిగా తెరుచుకుంది. "కుడికి," అన్నాడు. "మీరంతా నా సుట్టూ... ప్రదక్షిణంగా..." నాలుగో చుట్టులో కళ్ళు తిరిగి నా భుజం పట్టుకున్నాడు. "దొరా! తిరిగేది నడుమ ఉండేటోడు. వైర్లు భక్తులు! నడిమివాడు ఎడమకు తిరిగితేనే భక్తులది ప్రదక్షిణమైతాది! ముందు బిగించినాయన సరిగ్గానే బిగించినాడు!"

"అదే సార్," అన్నాడు భాయ్. "ఊరేగింపు బండికి తిరిగే చక్రం దీపాలు కట్టేటప్పుడు నాకూ ఈ అనుమానం వచ్చింది. ముప్పై ఏండ్ల కిందట."

"ముప్పై ఏండ్ల కిందటే తెలిస్తే పన్నెండు రోజుల కిందట చెప్పకూడదా?" అన్నాను.

"చెప్పినానే. అక్కనడుగు."

అక్క పాలు పొంగుతున్నాయంటూ టీ బండి వైపు నడిచింది.

రెండు, మూడు వైర్లు మార్చాలి. నేను చెయ్యి పెట్టబోతే అయ్యవారు ఆపాడు. "నేను," అన్నాడు. ఒకటి పీకి, రెండోది పీకి, చెయ్యి మోచేతి దాకా గ్రీజు చేసుకుని, మార్చి గుచ్చాడు. తాళం తిప్పాను. ఇంజను అంటుకుంది. అంటుకున్నట్లు కూడా తెలియలేదు. భాయ్ నిండు టీ గ్లాసు తెచ్చి ఇంజను మూత మీద పెట్టాడు. టీ తొణకలేదు. మేమంతా ఆ గ్లాసును ఎంతసేపు చూశామో నాకు గుర్తు లేదు.

"అయితే నేనెందుకొచ్చినట్టు?" అన్నాడు లారీ డ్రైవరు.

"టీ తాగనీకె," అంది అక్క.

రవాణా ఆఫీసు మైదానానికి నేనే నడిపాను. పక్కన అయ్యవారు, వెనక ఆవిడ, ఆవిడ పక్కన ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చున్న భాయ్. పరీక్షించే ఆయన బ్రేకులు తొక్కి, దీపాలు వేసి, చివరికి బానెట్ ఎత్తించి చెవి పెట్టి విన్నాడు.

"ఏ గ్యారేజీలో చేయించినారు ఇంజను?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఆవిడ అంది: "మా వసారాలో."

ఆయన నవ్వి, పాసని రాసి, కాగితం ఇచ్చి కౌంటరు దగ్గరికి పంపాడు. అప్పటికి పన్నెండు కావడానికి పది నిమిషాలుంది. అయ్యవారు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కౌంటరు ముందు పెట్టాడు. చెయ్యి తీసేసరికి, సొంతదారు సంతకం చేయాల్సిన గడిలో, సరిగ్గా నడిమధ్యన, ఆయన బొటనవేలి ముద్ర. గీతగీతా స్పష్టంగా, గ్రీజుతో నల్లగా.

క్లర్కు చూశాడు. "వేలిముద్రా?"

"కాదు కాదు. చెయ్యి తగిలింది. నేను సంతకం పెడతాను."

"ముద్ర పడిపోయింది గదా పెద్దాయనా. దాని మీద సంతకం కుదరదు. సంతకమే కావాలంటే కొత్త ఫారం తీసుకొని మళ్ళా లైన్లో రావల్ల. వేలిముద్రే అయితే సాక్షి కావల్ల. ఏదో ఒకటి చెప్పు, మూసే టైమైంది."

"నాయనా, నేను ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినాను," అన్నాడు అయ్యవారు.

"చెప్పుంటావులే. ఏది?"

అయ్యవారు కాగితం మీదికి వంగి ఆ ముద్రను చూశాడు. తర్వాత తన బొటనవేలిని చూసుకున్నాడు. భార్య వెనక నుంచి, "కొత్త ఫారం తీసుకోండి, పరువు పోతాది," అంటోంది. ఆయన వినలేదు.

"ఇదే ఉండనీ," అన్నాడు. "దొరా, మీరు సాక్షి సంతకం పెట్టండి."

పెన్ను తీసుకుని, నా పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, పొడుగ్గా రాశాను. క్లర్కు కాగితం తిప్పుకుని, కింద ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టి, తలెత్తకుండానే నన్ను అడిగాడు.

"ముద్ర వేసినాయన ఏం పని చేస్తాడు?"

"మెకానిక్," అన్నాను.